దర్జీ పేరుతో ఎగరబోయిన ఎస్పీ

"మూడింటికి ఫ్లైట్. వాడు ఎక్కాడంటే దర్జీ జైల్లోనే మగ్గిపోతాడు," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, ఏజెంట్ నైన్‌తో. "ఊరికే పట్టుకుంటే లాయరు గంటలో విడిపిస్తాడు. వాడి నోటితోనే చెప్పించాలి."

దర్జీ చేసిన నేరం సిమ్ కొనడం. "వేలిముద్ర పడలేదు, మళ్లీ వెయ్యండి" అంటూ షాపువాడు పదే పదే వేయించుకున్నాడు. ఆ ముద్రలతో దర్జీ పేరున నలభై సిమ్‌లు సరిహద్దు దాటాయి. అవతలి ముఠా వాటితో ఫోన్లు చేసి, పోలీసులమంటూ ఇక్కడి ముసలివాళ్లను బెదిరించి దోచింది. పోలీసులు వచ్చి దర్జీని పట్టుకుపోయారు.

ముఠా నాయకుడి ముద్దుపేరు ఎస్పీ. వీడియో కాల్‌లో పైన పోలీసు చొక్కా, కెమెరాకు అందని చోట నిక్కరు, ఎదురుగా చదవడానికి బెదిరింపుల స్క్రిప్టు. అదీ ఆయనగారి హోదా. కొత్త సిమ్‌ల కోసం వచ్చి, ఇప్పుడు తిరుగు ప్రయాణంలో ఉన్నాడు.

ఏజెంట్ నైన్ ఎయిర్‌పోర్టులో తుడుపుకర్ర పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా బొత్తాంలో రికార్డర్ ఉంది. ఎర్ర లిప్‌స్టిక్ అమ్మాయి ఒకతె పక్కగా వచ్చి ఆగింది. ముఠాలో దొంగ పాస్‌పోర్టుల పని ఆమెదే. జీతం ఎస్పీది, సమాచారం మాత్రం చీఫ్‌కి.

"గొడుగు దొరికిందా?"

"వాన రావాలిగా," అంది. కోడ్ సరిపోయింది.

"ఏ పేరుతో వెళ్తున్నాడు?"

"దర్జీ పేరుతో. కొత్త పేరు కొనడం దండగన్నాడు. నేను వద్దనలేదు."

వీడి పిసినారితనానికి నైన్‌కు అసహ్యం వేసింది. నేల తుడుస్తూ, ఎస్పీ నిలబడ్డ ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరికి జరిగాడు.

ఆఫీసర్ స్టాంపు ఎత్తి, స్క్రీన్ చూసి ఆగిపోయాడు. "ఈ పేరుగల మనిషి జైల్లో ఉన్నాడే. ఎప్పుడు పారిపోయావు?"

"నేను... నేను ఆయన కాదండీ."

"అందరూ అదే అంటారు. నలభై కేసులు, పైగా జైలు నుంచి పరారీ. కాళ్లు విరగ్గొట్టి లోపల పడేస్తారు."

కాల్‌లో సింహంలా గర్జించే ఎస్పీ రెండు చేతులూ జోడించాడు. "అయ్యా, ఆ దర్జీకి ఏమీ తెలియదు. సిమ్‌లు తీయించింది నేను. కాల్స్ చేయించింది నేను. పాస్‌పోర్టు మా ఆఫీసులోనే చేశాం. కావాలంటే షాపువాణ్ణి అడగండి."

నైన్ బొత్తాం నొక్కి రికార్డింగ్ ఆపాడు. పేజీ మీద స్టాంపు పడలేదు, ఎస్పీ చేతులకు బేడీలు పడ్డాయి. సాయంత్రానికల్లా దర్జీ ఇంటికి చేరాడు.

"ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేంటి?" అన్నాడు చీఫ్.

లిప్‌స్టిక్ సర్దుకుంటూ ఆమె అంది: "పాపం, స్క్రిప్టు లేకుండా మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు సార్. నోటికి నిజమే వచ్చేసింది."