రెండో గుండు

"మొదటి గుండు పేలినా పర్వాలేదు. రెండోది మాత్రం పేలకూడదు" అన్నాడు చీఫ్ రమణమూర్తి.

వాల్తేరు అప్‌లాండ్స్‌లో పైకి డ్రైక్లీనింగ్ షాపులా కనిపించే ఆఫీసు అది. ఇస్త్రీ చేసిన కోట్లు వేలాడే గది వెనక ఇంకో గది. ఆ గదిలో టేబుల్ మీద ఒక ఫొటో ఉంది. పిల్లికళ్ళు, ఎర్రగడ్డం. ఆ మొహం చూడగానే ఏజెంట్ నీలకంఠానికి ఒళ్ళు మండిపోయింది. తన అక్క మొగుణ్ణి, ఏజెంట్ సన్యాసిరాజుని, నడిసముద్రంలో కాల్చి చంపిన విదేశీ గూఢచారి క్రూగర్ వీడే.

"మన ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నెస్ మొత్తం ఒక్క ఇంజనీరు బుర్రలో ఉంది. రేపు పొద్దున్న ఆయన కూర్మన్నపాలెం జంక్షన్ మీదుగా సైటుకి వెళ్తాడు. కారుకి బుల్లెట్‌ప్రూఫ్ అద్దం. మొదటి గుండుకి పగుళ్ళిస్తుంది, వెంటనే అక్కడే ఇంకోటి తగిలితే ఆగదు. అందుకే క్రూగర్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తెప్పించాడు. పడవలో దిగింది. కానీ దానికి సైక్లింగ్ ప్రాబ్లం. ఒకటి పేలుతుంది, ఖాళీ తూటా బయటికి రాక ఇరుక్కుంటుంది, కొత్తది లోపలికి పోదు. రిపేరు చేసేవాడి కోసం వెతుకుతున్నారు."

"ఈ కబురు ఇచ్చిందెవరు?"

"వెరోనికా. బీచ్ హోటల్లో పాడుతుంది. క్రూగర్ మనిషి. మన మనిషి కూడా. ఇంతకీ ఎవరి మనిషో ఆ సింహాచలం అప్పన్నకే తెలియాలి." చీఫ్ సిగరెట్ నలిపేశాడు. "నువ్వు తుపాకులు బాగుచేసే అబ్దుల్ హమీద్‌వి. క్రూగర్ డెన్ ఎక్కడో మనకి తెలీదు, వెనక మనుషుల్ని పెడితే పసిగడతాడు. ఒంటరిగా వెళ్ళు. క్రూగర్ నాకు ప్రాణాలతో కావాలి."

ఆ ఆఖరి మాట నీలకంఠానికి చేదుగా తగిలింది.

సన్యాసిరాజు రైఫిల్ కూడా అలాగే మొరాయించింది మరి. ఒక్క గుండు పేలి ఆగిపోయింది. దాన్ని లాగి సరిచేసుకునేలోపు క్రూగర్ తుపాకీ పని ముగించింది. ఎంక్వైరీలో పెద్దలు ఒక్క ముక్కలో తేల్చేశారు. మెయింటెనెన్స్ లోపం. అంటే పోయినవాడిదే తప్పు. అక్క పైడితల్లి ఆ మాట విని ఏడవలేదు. "మీ బావ తుపాకీని పసిపిల్లకి తలంటినట్టు సూసుకునీవోడు. తుడవలేదంటే నాను నమ్మనురా" అంది. ఆ మాట నీలకంఠం గుండెలో ముల్లులా ఉండిపోయింది.

తలకి టోపీ, కళ్ళకి సుర్మా, చంకలో పనిముట్ల సంచి. ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాటల గోల మధ్య నిలబడ్డాడు అబ్దుల్ హమీద్. లుంగీవాడొకడు దగ్గరికి వచ్చాడు.

"వంజరం ఉన్నాదేటి?"

"పొద్దున్నే అమ్ముడైపోనాది. కానాగంతలే మిగిలినాయి."

కోడ్ కుదిరింది. కళ్ళకి గుడ్డ కట్టారు. గుడ్డ విప్పేసరికి మూతపడిన ఐసు ఫ్యాక్టరీ, గోడల వెంట ఐసు దిమ్మలు, నడుమ బల్ల మీద రైఫిల్. బల్లకి ఆ పక్క క్రూగర్. వాడి భుజం మీద చెయ్యి వేసి వెరోనికా. స్లీవ్‌లెస్ జాకెట్టు, నైలెక్స్ చీర, పెదాలకి ముదురు లిప్‌స్టిక్. ఊళ్ళో సగం మంది ఆఫీసర్లు ఆ పెదాలు చూసే నోరు జారారని చెప్పుకుంటారు.

క్రూగర్ మాట్లాడింది ఇంగ్లీషే. కథ మనది కాబట్టి తెలుగులో విందాం.

"బాగుచేస్తే బతుకుతావు."

"మీ దయ సాబ్" అన్నాడు నీలకంఠం. చేతులు మాత్రం వాడి పీక కోసం దురద పెడుతున్నాయి. వాటికి పని చెప్పాలని రైఫిల్ విప్పాడు.

రోగం ఒకటే గానీ కారణాలు సవాలక్ష. మేగజీన్ స్ప్రింగు నొక్కి చూశాడు, బలంగానే ఉంది. తూటా కూర్చునే గదిలోకి లైటు వేసి చూశాడు, గీత కూడా లేదు. గ్యాస్ వచ్చే రంధ్రం తెరుచుకునే ఉంది. గుండు పేలినప్పుడు వెనక్కి వచ్చే బోల్టుని వేలితో తోశాడు. అక్కడ దొరికింది దొంగ. బోల్టు కదలనా వద్దా అన్నట్టు నత్తనడక నడిచింది. వేలికి గోధుమరంగు జిగురు అంటుకుంది. వాసన చూశాడు.

సొర నూనె. ఉప్పు తినెయ్యకుండా జాలర్లు పడవలకి పూసే సొరచేప నూనె.

నీలకంఠం ఆ వేలిని మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బావ రైఫిల్ కూడా ఇదే కంపు కొట్టింది. చేపల పడవలో తిరిగిన తుపాకీ చేపల కంపు కొట్టక ఏం చేస్తుందని ఎంక్వైరీలో అందరూ నవ్వేశారు. తనూ నోరు మూసుకున్నాడు.

కిరసనాయిలుతో జిగురంతా కడిగి, తుడిచి ఆరబెట్టాడు. సంచిలో గన్ ఆయిల్ కోసం చెయ్యి పెట్టబోతుంటే వెరోనికా ముందుకి వచ్చింది.

"ఇది వాడు. ఫారిన్ ఆయిల్" అంటూ నీలిరంగు సెంటు సీసా అందించింది.

మూత తీశాడు. పైకి మల్లెపూల సెంటు. అడుగున ఎంత దాచినా దాగని సొర కంపు. తలెత్తాడు. ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తోంది. టెస్టులో రైఫిల్ ఇరుక్కుంటే తన శవం ఈ ఐసులోనే ఉంటుంది. కానీ సొర నూనె గుణం తెలిసినవాడికి తెలుసు. వెచ్చగా ఉంటే నీళ్ళలా జారుతుంది, చల్లబడితే బెల్లం పాకంలా ముదురుతుంది.

సీసాని స్టవ్ మీద వెచ్చబెట్టి నూనె దట్టంగా పూశాడు. క్రూగర్ ఐసు దిమ్మకి గురిపెట్టాడు. ఢాం, ఢాం, ఢాం. ఖాళీ తూటాలు చకచకా ఎగిరిపడ్డాయి.

"శభాష్! ప్లాస్టిక్‌లో చుట్టి చేపల కింద ఐసులో పెట్టండి. చెక్‌పోస్టు వాడు కంపుకి మూత తియ్యడు" అని నవ్వాడు క్రూగర్. ఆ పైన వేలు నీలకంఠం వైపు తిప్పాడు. "నువ్వూ వస్తావు. రేపు ఇది మొరాయిస్తే ముందు పోయేది నువ్వే."

పొద్దున్నే కూర్మన్నపాలెం జంక్షన్ పక్కన చేపల వ్యాను ఆగింది. లోపల క్రూగర్, వెరోనికా, నీలకంఠం. వెనక తలుపు సందులోంచి రోడ్డు కనిపిస్తోంది. క్రూగర్ ఐసులోంచి రైఫిల్ తీసి, పొగలు కక్కుతున్న మంచు తుడిచి, గురిపెట్టాడు. నల్ల కారు మలుపు తిరిగింది.

ఢాం!

కారు అద్దం సాలెగూడులా పగిలింది. అవతల ఇంజనీరు తెల్లజుట్టు తెలుస్తోంది. క్రూగర్ మళ్ళీ ట్రిగ్గర్ నొక్కాడు.

చప్పుడు లేదు. బోల్టు సగం దూరం వచ్చి, ఖాళీ తూటాని పళ్ళతో కరుచుకుని ఆగిపోయింది. క్రూగర్ గుంజాడు, గుద్దాడు, బూతులు తిట్టాడు. అప్పటికే కారు దూసుకుపోయింది. వాడు రైఫిల్ విసిరికొట్టి పిస్తోలు తీసి నీలకంఠం నుదుటికి ఆనించాడు.

అంతలో ఐసు కొట్టే చెక్క సుత్తి వాడి చెవి మీద దిగింది. వెరోనికా! క్రూగర్ చేపల మీద బోర్లా పడ్డాడు. డ్రైవరు బండి వదిలి పరిగెత్తి, గుండు చప్పుడుకి వచ్చిన పోలీసు జీపుకే ఎదురుపడ్డాడు.

నీలకంఠం క్రూగర్‌ని తిప్పి, గుండెల మీద కూర్చుని పీక పట్టుకున్నాడు. ఏడాదిగా దాచుకున్న పగంతా వేళ్ళలోకి వచ్చింది. వాడి మొహం నల్లబడుతోంది.

"పీక ఒగ్గీ బాబూ!" అంది వెరోనికా. హోటల్ ఇంగ్లీషు ఎటుపోయిందో, పక్కా జాలరిపేట గొంతు. "నాను వరహాలమ్మని. నిన్ను మీ బావ సూపించిన ఫొటోలో సూసినాను. మీ బావ ఎక్కింది మా పడవే. ఉప్పుగాలికి తుపాకీ తుప్పడతాదని, ఆయన పడుకున్నప్పుడు, మా అయ్య సొర నూనె పూసీసినాడు. మంచికే సేసినాడు. పడవెక్కిన ఇనుముకల్లా పూత్తాం కాదేటి! ఆ రేత్రి సలికి అది బిగిసిపోనాది. తన సేత్తోనే ఆయన సచ్చిపోనారని మా అయ్య మంచమెక్కి, మరి లెగనేదు."

"మరి వీడి రైఫిల్‌కి?"

"పడవలోంచి దిగగానే నానే పూసినాను. మంచికి కాదు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "సంపీసినావంటే ఈడికి సులువైపోద్ది. బతికుండి రోజూ ఏడవాల."

నీలకంఠం పీక వదిలాడు. క్రూగర్ కుడిచెయ్యి పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కే వేలు వెనక్కి విరిచాడు. వాడు పెట్టిన కేక జంక్షన్ అంతా వినిపించింది.

"ఇది మా అక్క తరఫున" అన్నాడు.

సాయంత్రం చీఫ్ రమణమూర్తి రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాడు.

"ప్రాణాలతో తెమ్మంటే వేలు విరిచి తెచ్చావేం?"

"ఐసులో పెట్టి తెచ్చాను సార్. సరుకు పాడవలేదు."

చీఫ్ నవ్వు ఆపుకున్నాడు. "ఇక్కడ ఒక ఖాళీ ఉంది. రెండో గుండు పేలకపోవడానికి కారణం ఏమని రాయను?"

నీలకంఠం టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"మెయింటెనెన్స్ లోపం అని రాసుకోండి సార్. మీకు అలవాటైన మాటే కదా. కాకపోతే ఈసారి అది నిజం."