తెల్లదోమకు ఆముదం

పురుగుల డాక్టరు టమాటా మొక్కల మధ్య బోర్లా పడి ఉన్నాడు. మెడలో సన్నటి విషపు సూది.

"విదేశీ ముఠా పని," అన్నాడు బాబాయి. వరసకే బాబాయి, పదవికి చీఫ్. "ఏ మందుకూ చావని తెల్లదోమను పెంచారు. ఇవాళ గాజుషెడ్డు పైకిటికీ తెరిచి పొలాల మీదికి వదుల్తారు. పంటలు పోయాక, విరుగుడు వాళ్ళే అమ్ముతారు. లోపల మనకో డబుల్ ఏజెంట్ ఉంది. ఎవరో చెబితే కోప్పడకు."

"ఎవరు?"

"నీ పెళ్ళామేరా."

ఏజెంట్ మిడత వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ఆవిడ ఇల్లు విడిచి ఏడాదైంది మరి.

పైపుల మెకానిక్ వేషంలో షెడ్డులో అడుగుపెట్టాడు. ఆకుల అడుగున పిండి చల్లినట్టు దోమ. ఎదురుగా ఆవిడ, భుజాన పసుపుపచ్చటి శాలువా, గుప్పుమంటూ ఆముదం వాసన.

"నీళ్ళు చేదుగా ఉన్నాయా?" కోడ్ అడిగాడు.

'కుండ మార్చండి' అనాలి ఆవిడ. "ఇంట్లో మాత్రం తియ్యగా ఉండేవా?" అంది.

అతను జేబులోని స్ప్రే పెన్ను నొక్కాడు. డిపార్ట్‌మెంట్‌లోకెల్లా ఘాటైన మందు. ఒక్క దోమా రాలలేదు.

"వీళ్ళు నాచేత రోజూ కొట్టించింది ఆ మందే. చచ్చేవి చచ్చాయి, బతికినవే పిల్లల్ని పెట్టాయి. ఇప్పుడవి అందులో స్నానం చేస్తాయి."

"సారీ."

"అదీ అంతే. కాపురం చేసినన్నాళ్ళూ రోజూ అదే కొట్టావు. నాకూ పనిచెయ్యడం మానేసింది."

తలుపు దగ్గర ముఠా నాయకుడు బటన్ నొక్కాడు. పైకిటికీ కిర్రుమంది. దోమ తెల్లటి పొగలా లేచింది. మిడత వాడి మీదికి దూకాడు. ఆవిడ శాలువా లాగి నిచ్చెనెక్కింది. పసుపు రంగంటే ఆ పురుగుకు ప్రాణం. వచ్చిందల్లా శాలువాకు పూసిన ఆముదానికి అతుక్కుపోతోంది. శాలువా ఆఖరి కొస కిటికీకి బిగిస్తుండగా నాయకుడి చేతిలో సైలెన్సర్ తుపాకీ దగ్గింది.

వాణ్ణి ఒక్క గుద్దుతో పడగొట్టి పరుగెత్తాడు మిడత. ఆవిడ అప్పటికే కింద పడి ఉంది. తల ఒళ్ళోకి తీసుకున్నాడు. సారీ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"చలేస్తోందా?"

"ఇన్నాళ్ళకి అడిగావే," అని నవ్వింది. ఆ నవ్వు అలాగే ఉండిపోయింది.

షెడ్డు మూసి, హీటర్లు పెంచి మిగిలిన దోమను మాడ్చేశారు. బాబాయి ఫోన్ చేశాడు.

"శభాష్‌రా! ఏ మందు వాడావు? రిపోర్టులో రాయాలి."

"ఆముదం, బాబాయ్."

"మన ల్యాబ్‌దేనా?"

"కాదు. మా ఇంటావిడది."