ఉయ్యాల కొక్కెం

ఇంటి వెనక పట్టాల మీద రేవు వైపు ఇనపరాయి గూడ్సు బండి వెళ్ళిందంటే దయానందం ఇంట్లో గ్లాసులన్నీ గలగలలాడతాయి. గ్లాసులు ఆడితే ఆడనీ, రికార్డు ప్లేయరు ముల్లు గెంతుతుందే, అదీ ఆయన బాధ.

పోయిన భార్య కృపావతి గొంతు మిగిలింది ఒక్క రికార్డులోనే. చర్చి క్వయరు మద్రాసు వెళ్ళి పాడిన పాటలో ఒక చరణం ఆమె ఒక్కర్తే పాడింది. పొద్దున్నే కాఫీతో పాటు అది వినకపోతే దయానందానికి తెల్లారినట్టుండదు. మాయదారి గూడ్సులకేమో వేళా పాళా లేదు.

కొడుకు శుభాకర్ షిప్‌యార్డులో ఫిట్టరు. గట్టిగా బిగిస్తే ఏదీ కదలదని వాడి నమ్మకం. ప్లేయరుకు ఇనప స్టాండు చేసి, నేలలోకి బోల్టులు దించాడు. నేల వణుకంతా తిన్నగా ముల్లుకే ఎక్కింది. మర్నాడు పొద్దున గూడ్సు రాగానే కృపావతి చరణం మీద పెద్ద గీత పడింది.

"ఇంక సాలు నాన్నా," అంటూ శుభాకర్ రికార్డును బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఇలాగైతే అమ్మ గొంతు మిగల్దు. దాసుకుందాం."

"దాసుకుని ఏటి సేత్తావురా? నాను పోయాక ఇంటావా?" అన్నాడు దయానందం. "మీ అమ్మ మొకం కూడా నాకు మసకైపోతంది. గొంతొక్కటే తిన్నగా ఉంది."

"నాకు ఆ మొకమే తెల్దు నాన్నా. నాకున్నదీ ఆ గొంతే."

అంతలో మరో గూడ్సు వచ్చింది. కిటికీ అదిరింది. కోడలు విమల కంగారుగా పాప వైపు చూసింది. దూలం కొక్కేనికి కట్టిన చీర ఉయ్యాల్లో పసిది హాయిగా నిద్రపోతోంది.

దయానందం ఆ ఉయ్యాలనే చూస్తూ నిలబడిపోయాడు.

"మీ అమ్మ నీకూ ఆ కొక్కేనికే ఉయ్యాల కట్టీది," అన్నాడు మెల్లగా. "మంచమ్మీదుంటే బండి వచ్చినపుడల్లా ఏడిసీవోడివి. ఉయ్యాల్లో ఏత్తే ఏ బండీ నిన్ను లేపలేకపోయీది."

శుభాకర్ పట్టు సడలింది. విమల పాపను మామగారి చేతుల్లో పెట్టి చీర విప్పింది. శుభాకర్ పాత సైకిలు ట్యూబులు కోసి, వాటితో చెక్కపలకను నాలుగు మూలలా కొక్కేనికి వేలాడగట్టాడు. దాని మీద ప్లేయరు పెట్టి, బీరువాలోంచి రికార్డు తెచ్చి, ఊగడం ఆగేదాకా ముగ్గురూ కాచుకున్నారు.

పాట మొదలైంది. గూడ్సూ వచ్చింది. గ్లాసులు మోగుతూనే ఉన్నాయి, కృపావతి చరణం అందుకుంది. గీత దగ్గర టిక్కుమంది గానీ ఆగలేదు. చివరి మాటకు ముందు ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. ముల్లు ఎక్కడ గెంతుతుందోనన్న భయంలో ఇన్నేళ్ళలో ఆ ఊపిరి దయానందానికి ఎప్పుడూ దొరకలేదు. పాపను గుండెకు హత్తుకుని ఏడ్చేశాడు.

పాట అయిపోయింది. శుభాకర్ జేబులోంచి బీరువా తాళంచెవి తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

"నాన్నా, ఇంకోపాలి ఎయ్యి," అన్నాడు.