త్రినాథ్ పేపరు, బెల్లం పొయ్యి

శాలువా ఇంకా భుజం మీద సర్దుకోనేలేదు, వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

"మీరు చెప్పిన రిజల్ట్ నాకు రాలేదండి."

అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాలు అది. ఎకనామిక్స్ గెస్ట్ లెక్చరర్ త్రినాథ్ రాసిన పేపరు విదేశీ జర్నల్లో పడిందని ప్రిన్సిపాల్ గారు సన్మానం పెట్టారు. ఆ పేపరు పట్టుకునే వచ్చే వారం విశాఖలో పర్మనెంట్ పోస్టు ఇంటర్వ్యూకి వెళ్లబోతున్నాడు. ఇంత మంచి ముహూర్తంలో తుమ్మిందెవరా అని తలెత్తి చూశాడు.

నీలం చుడీదారు, చేతిలో తడి గొడుగు. మొహంలో భయమూ లేదు, పొగరూ లేదు. అదే అతనికి ఎక్కువ మండింది.

"మీ పేరండీ?"

"లోవలక్ష్మి. మాది పూడిమడక. పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇదివరకు ఎవరో చేసిన ప్రయోగాలు మళ్లీ చేసి చూడడం నా టాపిక్."

"అంటే పక్కవాళ్ల తప్పులు వెతకడం."

"ఉంటేనే దొరుకుతాయండి."

హాలంతా గొల్లున నవ్వింది. శాలువా జారిపోయింది.

క్యాంటీన్లో టీలు చల్లారేదాకా పోట్లాడుకున్నారు.

నిజానికి త్రినాథ్ చేసిన ప్రయోగం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. తన సొంతూరు బుచ్చయ్యపేటలో రైతుల్ని రెండు గుంపులు చేశాడు. ఒక గుంపుకి సహకారం గురించి ఉపన్యాసమిచ్చాడు, రెండో గుంపుకి ఇవ్వలేదు. తర్వాత అందరికీ తలో సంచీ ఏటికొప్పాక లక్కబొమ్మలు పంచిపెట్టి, ముక్కూ మొహం తెలియని ఊరి పిల్లలకి ఇందులోంచి ఎన్ని ఇస్తారని అడిగాడు. ఉపన్యాసం విన్నవాళ్లు సంచులు దాదాపు ఖాళీ చేసేశారు. విననివాళ్లు ఒకటో రెండో ఇచ్చి ఊరుకున్నారు. మంచి మాట చెబితే మనిషి మారతాడని త్రినాథ్ పేపరు రాశాడు.

"డేటా ఇచ్చేను, లెక్కలు కట్టిన కోడ్ ఇచ్చేను. ఇంకేటి కావాలండీ మీకు?"

"అవన్నీ సరిపోయేయి. మీరు దొంగలెక్క రాయలేదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ కొత్త ఊళ్లలో మళ్లీ చేస్తే, లెక్చర్ విన్నవాళ్లు కూడా బొమ్మలు వదలట్లేదు."

"ఆ లెక్చర్ ఎవరిచ్చేరు?"

"నేనే."

"అదీ సంగతి! వినేవాళ్లకి నిద్రొచ్చుంటుంది."

"అలాగా? అయితే రేపు రోలుగుంట వచ్చి మీరే ఇవ్వండి. నిద్దరెవులికొత్తాదో సూద్దాం!"

కోపమొస్తే ఆమె చదువంతా పక్కకెళ్లి, పూడిమడక ముందుకొస్తుంది. త్రినాథ్‌కి అది నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది.

రోలుగుంట బడి వరండాలో త్రినాథ్ ప్రాణం పెట్టి మాట్లాడాడు. చేతులు ఊపాడు. చీమల కథ చెప్పాడు. ఒకచోట గొంతు కూడా వణికించాడు. రైతులు చప్పట్లు కొట్టి, ఎవరి సంచీ వాళ్లు చంకలో పెట్టుకున్నారు.

"బాగా సెప్పేవు బాబూ," అన్నాడు ఎర్రయ్య అనే పెద్దాయన. "కన్నీలొచ్చేసేయి."

"మరి బొమ్మలు, తాతా?"

"మా మనవలకే సాలవు."

లోవలక్ష్మి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"నవ్వండి. గట్టిగానే నవ్వండి."

"నవ్వట్లేదండీ. నాకూ కన్నీలొచ్చేసేయి."

తిరుగుదారిలో తుఫాను వాన పట్టుకుంది. బైకు వెనక కూర్చుని గొడుగు ఇద్దరికీ పట్టాలని ఆమె తాపత్రయపడింది. గాలి ఆ గొడుగుని తిరగేసి పారేసింది. దాన్ని పట్టుకోబోయి అతని భుజం పట్టుకుంది. గొడుగు పోయాక కూడా చెయ్యి తియ్యడం మర్చిపోయింది. త్రినాథ్ గుర్తు చెయ్యలేదు.

దారిలో బుచ్చయ్యపేట పొలాల్లో ఉన్న త్రినాథ్ వాళ్ల బెల్లం వండే పాకలో దూరారు. పెద్ద పెనంలో చెరకు రసం కుతకుతలాడుతోంది. త్రినాథ్ తల్లి నూకరత్నం పొయ్యిలోకి ఎండు పిప్పి ఎగదోస్తోంది. నువ్వెవరని కూడా అడక్కుండా లోవలక్ష్మి చేతిలో వేడి బెల్లం పెట్టింది. ఇంతలో ఎవరో సైకిలతను వానకి తడుస్తూ లోపలికొచ్చాడు. అతనికీ పెట్టింది. వెళ్లేటప్పుడు ఆకులో పొట్లం కూడా కట్టిచ్చింది.

"మీ చుట్టాలా అండీ?" అంది లోవలక్ష్మి.

"ఎవులో తెల్దమ్మా. బెల్లం పొయ్యి కాడికొచ్చినోలిని ఉత్తసేతుల్తో పంపకూడదు. పంపితే పాకం ఇరిగిపోద్ది. ఈ సుట్టుపక్కల పొయ్యి కాడ ఎవులూ పిసినారితనం సెయ్యరు."

లోవలక్ష్మి నోట్లో బెల్లం నోట్లోనే ఉండిపోయింది.

"త్రినాథ్ గారూ, అప్పుడు మీరు లెక్చర్ ఎక్కడిచ్చేరు?"

"ఇక్కడే. అందరూ ఒకచోట దొరుకుతారు కదా అని."

"బొమ్మలు అడిగింది?"

"ఇక్కడే."

"లెక్చర్ విననోళ్లని ఎక్కడ అడిగేరు?"

"పంచాయతీ ఆఫీసు దగ్గర..." అని ఆగిపోయాడు.

ఆ పొయ్యి వెచ్చదనంలో పెరిగినవాడు. అక్కడ ఎవరూ చెయ్యి ముడుచుకోరన్నది అతనికి ఎంత మామూలు సంగతంటే, అదొక సంగతని ఎప్పుడూ తట్టలేదు. అందుకే పేపర్లో చోటు గురించి ఒక్క ముక్కా రాయలేదు. పరాయి ఊరివాడైతే మొదటి రోజే గమనించేవాడు.

మర్నాడు అదే పాకలో, ఉపన్యాసం ఊసే లేకుండా, వేరే రైతుల్ని బొమ్మలు అడిగి చూశారు. సంచులు ఖాళీ అయిపోయాయి. త్రినాథ్ మొహం కూడా అలాగే అయింది.

"ఈ సంగతి మనిద్దరికే తెలుసు," అన్నాడు నేల చూస్తూ. అతని నోట మీరు కాస్తా ఎప్పుడో నువ్వయిపోయింది. "ఇంటర్వ్యూ అయ్యాక చెబుదాం లోవా. వారంలో ఏటైపోద్ది?"

"మనిద్దరికీ తెలుసు కదండీ. అది చాలదా?"

"నువ్వు రాసేస్తావా?"

"నాకు వచ్చింది నేను రాయక తప్పదు. కానీ నేను చెబితే అది మీ తప్పవుద్ది. ముందు మీరే చెబితే మీ మాటవుద్ది."

"చెప్పకపోతే ఇంక నాతో మాట్లాడవా?"

"మాట్లాడాలనే ఉంటాది. అదే కదా నా బాధ," అని బస్సెక్కేసింది.

త్రినాథ్‌కి ఉద్యోగం కావాలి. గెస్ట్ లెక్చరర్‌కి వేసవి సెలవులొస్తే జీతం ఉండదు, పిల్లనిచ్చేవాళ్లూ ఉండరు. కానీ అతనికి కావలసిన పిల్ల ఆ ఉద్యోగం చూసి వచ్చే రకం కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ వారం అతనికి బాగా అర్థమైంది.

ఇంటర్వ్యూలో మధ్యన కూర్చున్న పెద్దాయన పేపరు తిరగేసి, "వెరీ గుడ్ వర్క్," అన్నారు.

త్రినాథ్ గ్లాసుడు నీళ్లు తాగాడు. "అది తప్పండీ. రైతులు ఇచ్చింది నా లెక్చర్ వల్ల కాదు, నేను వాళ్లని కూర్చోబెట్టిన చోటు వల్ల. పేపరు వెనక్కి తీసుకుంటానని జర్నల్‌కి చెప్పేను. కనిపెట్టింది నేను కాదు, లోవలక్ష్మి అనే రీసెర్చ్ స్కాలర్."

"ఈ మాట ఉద్యోగంలో చేరాక చెప్పొచ్చు కదయ్యా?"

"అప్పుడు అబద్ధానికి జీతం తీసుకున్నట్టవుద్దండీ."

పెద్దాయన చాలా మెచ్చుకున్నారు. ఉద్యోగం మాత్రం ఇంకొకరికి ఇచ్చారు.

పూడిమడకలో పడవలు ఒడ్డుకొచ్చే వేళకి త్రినాథ్ ఇంటర్వ్యూ బూట్లతోనే ఇసుకలో దిగబడుతూ వచ్చాడు. లోవలక్ష్మి వలలు ఆరేసిన చోట నిలబడి ఉంది.

"పోస్టు పోయింది," అన్నాడు.

"తెలుసు. ఇంటర్వ్యూలో కూర్చున్న మా యూనివర్సిటీ మేడమ్ ఫోన్ చేసేరు. నా పేరు కూడా చెప్పేవంట."

"చెప్పేను. ఇంకోటి మిగిలింది. నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందాం."

లోవలక్ష్మి పరీక్ష పేపరు దిద్దే టీచరులా మొహం పెట్టింది. "ఒక్కసారి చెబితే ఎలా నమ్మీమంటావు?"

"నువ్వంటే నాకిష్టం."

"ఇక్కడ గాలి బాగుంది కదా. గాలి వల్లేమో."

"గాలేటి, ఎండు చేపల కంపు కొడతంది. అయినా ఇష్టమే."

ఆమె పకపకా నవ్వింది. "మీ అమ్మగారేటంటారో?"

"అడిగే వచ్చేను. పిల్ల నిజం సెప్తాది, తెచ్చుకో అంది."

"అయితే నాకూ ఇష్టమే. ఆ రోజు ఇంకాసేపుంటే అనేద్దునేమోనని బస్సెక్కేసేను."

వెనకనించి చేపల గంప దించిన చప్పుడయింది. లోవలక్ష్మి తల్లి అప్పలకొండ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఎవులే ఈ బాబు?"

"నీది తప్పని నేను సెప్తే, పెద్దోళ్లందరి ముందూ అవునని ఒప్పుకున్నాడమ్మా."

అప్పలకొండ త్రినాథ్‌ని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ల కాపురంలో అలాంటి వింత ఆమె ఎరగదు.

"మొగోడే? ఒప్పుకున్నాడా?"

"దాంతో ఉద్యోగం కూడా పోయింది."

"ఉజ్జోగం ఇంకోటొత్తాదే పిచ్చిమొహమా. ఇలాటోడు ఇంకోడొత్తాడేటి? ఈడి సెయ్యి ఒగ్గీకు!"