ఏడుపు ముసుగు

ఆ కుస్తీల హాలు పక్కనుంచి చీకటి పడ్డాక నడవొద్దంటారు. నడిస్తే నడిచారు, ఆగొద్దంటారు. ఆగితే... లోపల్నుంచి మగమనిషి ఏడుపు వినిపిస్తుంది. గట్టిగా కాదు. నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చినట్టు.

తలుపులకి తాళం. కిటికీలకి చెక్కలు. లోపల పాత రింగు తప్ప పురుగు కూడా లేదు. మరి ఏడ్చేదెవరయ్యా అంటే అందరిదీ ఒకటే మాట — ఏడుపు ముసుగు.

కాస్త దగ్గరికి జరగండి. దేవుడి దయవల్ల నా చెవిన పడింది పడ్డట్టే చెబుతాను.

ఊరూరా తిరిగే కుస్తీ కంపెనీలో ఒకాయన ఉండేవాడు. ఓ ఊళ్ళో నల్లతాచు, పక్క ఊళ్ళో పిడుగు, ఆపై ఊళ్ళో ఉక్కురెక్క. ముసుగు మారితే పేరు మారేది. పని మాత్రం ఒకటే — ఓడిపోవడం. ఎవరు గెలవాలో యజమాని ముందే చెప్పేసే కుస్తీలవి.

ఆయన ఆఖరి కుస్తీ ఈ హాల్లోనే, కంపెనీకంతా మొనగాడు, ముసుగు లేకుండానే ఆడే సింహంతో. ఆయన ఓడితే ఆయన ముసుగు సింహం అందరి ముందూ చింపాలని పందెం. ముసుగు చిరిగి ముఖం బయటపడిందంటే ఇక ఏ పేరూ అతకదు, ఆ కుస్తీ బతుకు అక్కడితో సరి. ఇద్దరూ రింగులో పెనవేసుకుని ఉండగా ఏడుపు వినిపించింది... "వద్దు... నీ కాళ్ళు పట్టుకుంటా..." ముందు వరసలవాళ్ళు విన్నారు. హాలు హాలంతా నవ్వింది. ముసుగు చిరిగింది, ఏడుపు ముసుగన్న పేరు మిగిలింది.

ఆయన మళ్ళీ రింగెక్కలేదు. ఆ సంగతెత్తితే అన్నం ముందునుంచి కూడా లేచిపోయేవాడు. పోయిన ఏడు కన్నుమూశాడు. అదిగో, అప్పట్నుంచే హాల్లో ఏడుపు.

ఆయనకో కూతురు. ఇంటా బయటా ఆమెని మొండిఘటమనే పిలుస్తారు. నాన్న కథ పుస్తకంగా రాస్తానని బయల్దేరింది. పాత పోస్టర్లు, ఫొటోలు పోగేసింది. ఇన్ని ముసుగుల వెనక ఉన్నది ఒక్కడేనని ఎలా తేలుతుంది? ఆమె తలలు వదిలేసి కాళ్ళు చూసింది. అన్నిట్లోనూ ఎడమ బూటుకి మడమ దగ్గర అదే అతుకు. పేర్లు మార్చాడుగానీ, పాపం, బూట్లు మార్చే తాహతేదీ?

అంతా దొరికింది. ఆ ఆఖరి రాత్రే మిగిలింది. నాన్న ఏడ్చాడా, లేదా?

అన్నయ్య బతిమాలాడు. "ఊరుకోవే. పోయినాయన్ని మళ్ళీ రింగులోకి లాగుతావా?"

"ఏడిస్తే ఏడ్చాడనే రాస్తాను. ఊరి మాట పట్టుకుని మాత్రం రాయను" అంది.

హాలుకి ఎదురుగా టీకొట్టు. ఓ రాత్రి ఆమె హాల్లోకెళ్తానంటే అక్కడ చేరినవాళ్ళకి వేళాకోళమైంది. మీ నాన్నకో రుమాలు పట్టుకెళ్ళమన్నాడొకడు. తోడు రమ్మంటే మటుకు ఒక్కడి ఒళ్ళూ బల్లమీంచి లేవలేదు. ఆమె దేవుణ్ణి తలుచుకుంది, టార్చి తీసుకుంది, వెనకాల చెక్క ఊడిన కిటికీలోంచి దూరింది.

దుమ్ము. చీకటి. ఇన్నేళ్ళ తర్వాతా... చెమట వాసన. టార్చి మిణుకుమిణుకుమని ఆరిపోయింది.

అప్పుడు మొదలైంది ఏడుపు — రింగు మీంచి.

మనమైతే వచ్చిన దారినే పడుదుం. ఆమె తాడు పట్టుకుని రింగెక్కింది.

చీకట్లోంచి ఓ పెద్ద ఆకారం లేచింది. ముఖం ఉండాల్సిన చోట... ముసుగు. చిరిగి, మళ్ళీ కుట్టిన ముసుగు.

ఆమె ఓ అడుగు ముందుకేసింది. "నాన్నవైతే నాన్ననని చెప్పు. కాకపోతే ఆ ముసుగు తియ్యి. అది నీది కాదు."

ఆ ఆకారం చేతులు మెల్లిగా తలమీదికి వెళ్ళాయి...

ముసలాయన. చెక్కల సందుల్లోంచి పడే వీధిదీపం వెలుతుర్లో ఆమె గుర్తుపట్టింది. పోస్టర్లలో చూసిన ముఖమే — సింహం.

"ఆ రాత్రి ఏడ్చింది నేనమ్మా" అన్నాడు గుసగుసగా. వద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా, నాతో చింపించకు, నీ ముసుగు చింపితే నీ పిల్లలేం తింటార్రా అని, ఆమె నాన్న భుజంలో ముఖం దాచుకుని ఏడ్చాడట. జనం ముసుగులోంచి వచ్చిందనుకున్నారు. "మీ నాన్నేమన్నాడో తెలుసా? 'చింపరా వెధవా, జనం చూస్తున్నారు' అన్నాడు. నా చెయ్యి పట్టుకుని తనే లాగాడు."

గెలిచినవాడి పరువు ఓడినవాడు కాయాలని వాళ్ళ కంపెనీ కట్టుబాటు. ఆయన ప్రాణం పోయేదాకా కాశాడు. ఆయన పోయాక ఈయనకి నిద్ర కరువైంది. రాత్రిళ్ళు ఇక్కడికొచ్చి ఏడుస్తున్నాడు.

ఆమె ఓదార్చలేదు. "నాకు చెబితే చాలదు, పెదనాన్నా. నవ్వింది నేను కాదు. పద బయటికి."

"నా పేరు పోతుందే..."

"మా నాన్నకి పోయిన పేర్ల ముందు నీ ఒక్క పేరెంత?"

రెక్క పట్టుకుని టీకొట్టు ముందుకి నడిపించింది. ఆయన తల దించుకుని చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. గ్లాసులు చేతుల్లో ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. రుమాలు మాటన్నవాడు నేల చూశాడు.

అంతలో...

తాళం వేసిన ఆ హాల్లోంచి, ఎవరో చప్పట్లు కొట్టారు. వాళ్ళతో ఇంకొకరు. ఆపైన పది మంది, వంద మంది... ఈలలు, కేకలు... నిండు హాలు!

బల్లలు బోర్లా పడ్డాయి, గ్లాసులు పగిలాయి, వీధి ఖాళీ. సింహం ఆమె వెనక నక్కాడు.

ఆమె కదల్లేదు. హాలుకెదురుగా నిటారుగా నిలబడి, నాన్నకి బదులు తల వంచింది — ఆ చప్పట్లు ఆగేదాకా.