మీట లేని శాంతిస్తంభం

మూడోసారి ప్రయోగం మొదలయ్యేసరికి మైదానంలో ఉన్న కూలీలకు నినాదం బాగా నోటికి పట్టింది. "మా ఊరు మాకు కావాలి!" అని వాళ్ళు ఒక్క గొంతుతో అరుస్తుంటే షామియానా కింద అధికారులు కాఫీ తాగుతూ ముచ్చటపడిపోతున్నారు. ఆ ఊరేదో, అదెవరికి కావాలో కూలీలకు తెలీదు. మధ్యాహ్నం బిర్యానీ పెడతామంటే లారీ ఎక్కి వచ్చారు.

మైదానం మధ్య నిలబెట్టిన స్తంభం ఒకసారి సన్నగా గుంయ్‌మంది. అంతే. చేతులెత్తిన మనుషులు చేతులెత్తినట్టే బిగుసుకుపోయి దభీమని పడ్డారు. ముందు వరసలో ఉన్నతని ముంజేతి ఎముక విరిగిన చప్పుడు షామియానాలోకి స్పష్టంగా వినిపించింది. ఇంకొకతను నాలుక కొరుక్కున్నాడు. గడ్డం మీదుగా నెత్తురు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి కదలడం లేదు.

"ఆపండి!" అని డాక్టర్ ఉత్పల కుర్చీలోంచి లేచింది.

"ఆగిపోయింది కదా మేడమ్," అన్నాడు ఎస్పీ దివాకర్, కప్పు కింద పెడుతూ. "ఇంత ప్రశాంతంగా ఈ మైదానం ఎప్పుడైనా ఉందా?"

ఇదంతా వరుణాపురం అనే రాజధానిలో జరిగింది. మ్యాపులో వెతక్కండి, దొరకదు. మన మనవలకు మనవలు పుట్టేనాటికి అలాంటి ఊరొకటి ఉంటుందనుకుంటే చాలు. ఆ ఊళ్ళో ప్రతి కూడలిలోనూ దీపస్తంభం ఎత్తున ఒక శాంతిస్తంభం ఉండేది. దాన్ని కనిపెట్టింది ఉత్పలే. అయితే ఆమె కనిపెట్టింది దానిలో సగమే.

గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీ మీది చర్మం వెంట్రుకవాసి కదులుతుంది. మన కంటికి కనపడని ఆ కదలికను రాడార్ దూరం నుంచే పట్టేస్తుంది. పదిమంది కలిసి పాడినా, అరిచినా, భయపడినా, కాసేపటికి వాళ్ళ గుండెలన్నీ ఒకే లయలోకి వస్తాయి. ఒక తీర్థంలో జరిగిన తొక్కిసలాటలో ఉత్పల తల్లి నలిగి చనిపోయింది. జనం గుండెలు ఒక్కసారిగా బెదిరినప్పుడు ముందే గుర్తుపట్టి, గేట్లు వాటంతటవే తెరుచుకునేలా చేసే యంత్రం ఉంటే అమ్మ బతికేది కదా అని ఆమె ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసింది. ప్రభుత్వం వారు వచ్చి చూసి, శాలువా కప్పి, యంత్రాన్ని పట్టుకుపోయారు. ఆమె దానికి కన్ను పెట్టింది. వాళ్ళు చెయ్యి పెట్టారు. నిద్రలో పిక్క పట్టేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ చెయ్యి విసిరే తరంగం తగిలితే ఒంట్లో ప్రతి కండా అలా పట్టేస్తుంది. కండ లాగిన లాగుడుకి ఎముక తట్టుకోగలిగితే అదృష్టం.

ఉత్పల పోట్లాడి సాధించుకున్నది ఒక్కటే. స్తంభం గుంపును గుర్తించినా, దానంతటది కొట్టకూడదు. కంట్రోల్ రూములో ఒక మేజిస్ట్రేటు తెర మీద ఆ గుంపును కళ్ళారా చూసి మీట నొక్కాలి. ఆ మీటను తొలగించాలంటే ఉత్పల అరచెయ్యి ఆనిస్తే తప్ప కుదరకుండా బిగించింది. పైవాళ్ళు అప్పుడు సరేనన్నారు. సరేనన్నప్పుడు వాళ్ళు నవ్విన తీరు ఆమె గమనించి ఉండాల్సింది.

ఆమె తమ్ముడు కిరీటి కాలేజీలో రాజనీతి చెప్పేవాడు. రేవు విస్తరణ కోసం ఊళ్ళు ఖాళీ చేయిస్తుంటే పాఠం పక్కన పెట్టి జాలరుల వెంట తిరగడం మొదలుపెట్టాడు. లాఠీ దెబ్బలకు ఒక జాలరి చనిపోయాడు. శవయాత్రకు పోలీసులు షరతులు పెట్టారు. జెండాలు వద్దు, నినాదాలు వద్దు, డప్పులు అసలే వద్దు. కిరీటి అన్నిటికీ ఒప్పుకున్నాడు. పాడె ఒక కొమ్ము తనే భుజానికెత్తుకున్నాడు.

కానీ పాడె లేచాక మన జనం నోరు మూసుకుని నడవగలరా? ఎవరో "గోవిందా" అన్నారు. వెనకున్నవాళ్ళంతా "గోవింద" అన్నారు. సందు దాటి కూడలికి వచ్చేసరికి వీధి వీధంతా ఒకే గొంతు, ఒకే అడుగు, ఒకే గుండె. స్తంభానికి దేవుడు తెలీదు, దయ్యం తెలీదు. ఎర్రదీపం వెలిగించింది.

కంట్రోల్ రూములో మేజిస్ట్రేటు తెర మీద పాడెను చూశాడు. మీట మీద చెయ్యి వేసి తీసేశాడు. ఇంతలో ఫోను మోగింది. అవతలి మాట విని, "సార్... సార్..." అంటూ నీళ్ళు నమిలి, కళ్ళు మూసుకుని నొక్కాడు.

పాడె మోస్తున్నవాళ్ళు మోస్తున్నట్టే కూలబడ్డారు. శవం జారి కిరీటి మీద పడింది. అదే క్షణంలో అతని వీపు కండలు విల్లులా వెనక్కి లాగి పక్కటెముకల్ని పటపటమని విరిచేశాయి. ఒక ముసలమ్మ పడిన చోటే రాయికి తల తగిలి చనిపోయింది. పోలీసులు వచ్చి బిగుసుకున్న మనుషుల్ని కట్టెమోపుల్లా వ్యాన్లలోకి విసిరేశారు. చట్టం ప్రకారం స్తంభం ఎవణ్ణి పడగొడితే వాడు అల్లరిమూకే. వేరే సాక్ష్యం అక్కర్లేదు, బెయిలు లేదు, ఓటు లేదు, పదవి ఉంటే అదీ లేదు. యంత్రం అబద్ధమాడదు కదా అని ఆ చట్టం రాసినవాళ్ళ నమ్మకం.

జైలు ఆసుపత్రిలో తమ్ముణ్ణి చూసి ఉత్పల గుండె చెరువైంది. విరిగిన ఎముక ఊపిరితిత్తిలో దిగింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తేనే బతుకుతాడన్నారు. ఖైదీని జైలు దాటించాలంటే హోంమంత్రి సంతకం కావాలి.

హోంమంత్రి పరశురామయ్య ఎంతో మర్యాదస్తుడు. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు.

"చూడమ్మా, మొన్న ఆ మేజిస్ట్రేటు చెయ్యి వేసి తీసేశాడు. నేను ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. ప్రతిదానికీ నేనే ఫోన్ చెయ్యాలంటే ఎలా చెప్పు? ఆ మీట ఒక్కటి తీసేస్తే నీ యంత్రానికి ఏ లోటూ ఉండదు. రేపు సభలో బిల్లు పెడుతున్నా. నువ్వొచ్చి నీ చెయ్యి ఆనించు. సభ అవ్వగానే మీవాడి కాయితం మీద నేను సంతకం పెడతా."

"సార్, మీట తీసేస్తే అది ఎవరినీ చూడదు. మీవాళ్ళు, పరాయివాళ్ళు అని దానికి తెలీదు. మీరు సభలో కూడా స్తంభాలు పెట్టించారు."

"పెట్టించానమ్మా, ప్రతిపక్షం వాళ్ళు ఊరికే పోడియం చుట్టూ చేరి నినాదాలు చేస్తుంటేనూ! మేమెందుకు నినాదాలు చేస్తాం? అధికారంలో ఉన్నవాడికి అరవాల్సిన పనేముంది?" అని ఆయన కడుపారా నవ్వాడు.

ఉత్పల మళ్ళీ జైలుకెళ్ళి విషయం చెప్పింది. కిరీటి మాట్లాడితే పెదవుల మీద నెత్తుటి బుడగలు లేస్తున్నాయి.

"వద్దక్కా. ఆ రోజు వాడు చెయ్యి వేసి తీశాడు. చూశావా? ఒక్క క్షణం తటపటాయించాడు. మనకింక మిగిలింది ఆ తటపటాయింపే. దాన్ని అమ్మకు."

"నువ్వు చచ్చిపోతావురా!"

"ఊళ్ళో వాళ్ళందరూ నీకు తమ్ముళ్ళు కారు కాబట్టి..." అని ఆగిపోయాడు. దగ్గు తెర వచ్చింది. దుప్పటి ఎర్రబడింది.

అతను చెప్పింది న్యాయమని ఆమెకు తెలుసు. తెలిసే ఓడిపోయింది. అమ్మ నలిగిపోయిన రోజున వాడి చెయ్యి పట్టుకుని బయటికి లాగింది తనే. ఇప్పుడా చెయ్యి వదలడం ఆమెవల్ల కాలేదు. మర్నాడు సభ ఎదుట, కెమెరాల ముందు, స్తంభం అడుగున ఉన్న పలక మీద అరచెయ్యి ఆనించింది. సిగ్గుతో తల పైకెత్తలేకపోయింది. సన్మానం చేసి ఆమెను పై గ్యాలరీలో కూర్చోబెట్టారు.

సభలో ప్రతిపక్షం లేదు. పొద్దున్నే గొడవ చేశారని వాళ్ళందర్నీ సస్పెండ్ చేసి గేటు బయటికి గెంటేశారు. ఒకాయన చొక్కా చిరిగితే ఆ చిరుగు పట్టుకుని ఇంకా టీవీలో మాట్లాడుతూనే ఉన్నాడు. గవర్నరుగారి సంతకం ముందురోజే తెచ్చి పెట్టుకున్నారు. ఆమోదించిన క్షణం నుంచే అమలు. అల్లరిమూక కరెంటు తీగలు కోసినా ఆగకుండా బ్యాటరీలు, ఎవరూ ఆపించకుండా సభ తీర్మానం చేస్తే తప్ప ఆగదన్న నిబంధన, అన్నీ పకడ్బందీగా ఉన్నాయి.

"అవుననేవారు అవును అనండి," అన్నాడు స్పీకరు.

"అవును!" అని సభ దద్దరిల్లింది.

పరశురామయ్య లేచాడు. మూల నిలబెట్టిన స్తంభాన్ని చూపిస్తూ, "ఇది మన ప్రియతమ ముఖ్యమంత్రిగారి దార్శనికత!" అన్నాడు. ఇక చెప్పాలా? ముఖ్యమంత్రి పేరు వినపడితే బల్లలు చరచడం ఆ సభలో ఆనవాయితీ. తక్కువ చరిచినవాడికి వచ్చేసారి టిక్కెట్టు రాదు. పక్కవాడికన్నా వెనకబడకూడదని ప్రతివాడూ పక్కవాడి చేతినే చూస్తూ చరుస్తాడు. కాసేపు గందరగోళంగా టపటపలాడిన బల్లలు మెల్లిగా ఒక దరువులోకి వచ్చాయి. ధన్, ధన్, ధన్. మంత్రులు, విప్పులు, వెనక బెంచీల వాళ్ళు, అందరి చేతులూ ఒక్కసారే లేచి ఒక్కసారే పడుతున్నాయి.

ఉత్పల కళ్ళు స్తంభం మీద పడ్డాయి. దీపం పసుపుపచ్చగా మారింది. ఆమె గ్యాలరీ కమ్మీ పట్టుకుని లేచి కేకపెట్టింది. "ఆపండి! బల్లలు ఆపండి! అది వింటోంది!"

గ్యాలరీలో ప్రజలు మాట్లాడకూడదు. సభా నియమం. మార్షల్ ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగి నోరు మూశాడు. ఆమె వాడి వేలు కొరికింది. వాడు ఆమె తలను కమ్మీకేసి కొట్టాడు. కింద దరువు ఇంకా పెరిగింది. ఎర్రదీపం వెలిగింది.

స్తంభం గుంయ్‌మంది.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే బిగుసుకున్నాయి. ముఖ్యమంత్రి ముందుకు ఒరిగి బల్ల అంచుకి దవడ కొట్టుకున్నాడు. పళ్ళు ఎగిరి మైకు మీద పడి టకటకమన్న చప్పుడు హాలంతా వినిపించింది. పరశురామయ్య నిలబడి ఉన్నాడు కాబట్టి నిలువునా వెల్లకిలా పడ్డాడు. మెట్టు మీద ఆయన రెండు చేతులూ ఒంటి కింద పడి విరిగాయి. ఒక్క దెబ్బతో అయిపోతే ఎంతో బాగుండేది. కానీ పడినవాళ్ళకి భయం పుట్టింది. అందరికీ ఒకే భయం, ఒకే పరుగు గుండెల్లో. స్తంభానికి అది ఇంకా పెద్ద గుంపులా కనిపించింది. మళ్ళీ కొట్టింది. కొట్టినకొద్దీ భయం, భయపడినకొద్దీ దెబ్బ. కాపాడదామని గుంపుగా లోపలికి పరిగెత్తిన మార్షళ్ళు గడప మీదే విరుచుకుపడ్డారు. కంట్రోల్ రూములో మేజిస్ట్రేటు మీట ఉండే చోట చేత్తో తడుముకున్నాడు. అక్కడ నాలుగు మరల కన్నాలున్నాయి. తీర్మానం చేసి ఆపించాల్సిన సభ నేల మీద గిలగిలా కొట్టుకుంటోంది.

చివరికి కొందరు స్పృహ తప్పారు, కొందరి గుండెలు తడబడ్డాయి, కొందరివి ఆగిపోయాయి. ఎవరి లయ వాళ్ళదయ్యాక గానీ దీపం ఆరలేదు.

ఎస్పీ దివాకర్ గుమ్మంలో నిలబడ్డాడు. అతని చేతిలోని ఫోనులో పడినవాళ్ళందరి పేర్లతో, చిరునామాలతో కేసు దానంతటదే నమోదైపోయింది. ఏం చెయ్యమంటారో అని పైనుంచి ఆర్డరు కోసం చూశాడు. పైన ఎవరూ లేరు. జీవితంలో మొదటిసారి ఏ ఫోనూ రాకపోయేసరికి పాపం అతను చట్టంలో ఏముందో అదే చేశాడు. వ్యాన్లు పిలిపించాడు.

వారం తిరిగేసరికి జైలు ఆసుపత్రిలో కిరీటి పక్క మంచం పరశురామయ్యది. రెండు చేతులూ కట్లలో ఉన్నాయి. ఉత్పల తమ్ముడికి జావ తాగిస్తుంటే ఆయన అటే చూస్తున్నాడు. ఆమె చెంచా ఆయన నోటికీ అందించింది. కోపం లేక కాదు. ఎదురుగా ఆకలితో చూసేవాడికి పెట్టకుండా ఉండడం ఆమెకు చేతకాలేదు.

"నీ తమ్ముడి కాయితం తేమ్మా. నోటితో కలం పట్టుకునైనా సంతకం పెడతాను," అన్నాడాయన.

"మీ సంతకం ఇప్పుడు చెల్లదు సార్. మీరు అల్లరిమూక."

"మరి కొత్త మంత్రి?"

"ఎన్నికలు జరిగితే వస్తాడు. ప్రచార సభ పెట్టినచోటల్లా స్తంభం కొడుతోంది."

ఆయన కంటి కొసలోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. గొంతు తగ్గించి అడిగాడు. "మా నియోజకవర్గం వాళ్ళకు కబురు పెట్టించానమ్మా. మమ్మల్ని వదలమని అడగడానికి జనం వస్తున్నారా?"

"వస్తున్నారు. గేటు దగ్గరికి ఒక్కొక్కరే వస్తున్నారు. ఒకరు వెళ్ళిపోయాక గానీ ఇంకొకరు రావడం లేదు. భయం కదా."

"ఒక్కొక్కరే వచ్చి అడిగితే ఎవడు వింటాడమ్మా?" అన్నాడు పరశురామయ్య, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అవతలి మంచం మీద కిరీటి ఆపుకోలేక నవ్వేశాడు. నవ్వు సగంలోనే దగ్గయింది. ఉత్పల జావ గిన్నె కింద పెట్టి, తువ్వాలు తమ్ముడి నోటికి అడ్డం పట్టుకుంది. అది ఎర్రబడుతుంటే, ఎవరైనా రండి అని గొంతెత్తి అరిచింది.