ఎర్రబోరు మన్నుపై ఒట్టు

దండమమ్మ నీకు దంతేశ్వరీ దేవి!
మన్ను తల్లివైన మహిమ నీది;
విషము సోకకుండ విత్తును కాపాడి
పల్లె కూడు నిలుపు భద్రమూర్తి!

బస్తరు సంస్థానం. 1946, వేసవి. జగదల్‌పూర్‌లో రహస్య విభాగపు ఛీఫ్ టెలిగ్రామును బల్లమీద పెట్టాడు.

"డాక్టర్ వెంకటనారాయణను నిన్న కాల్చి చంపారు."

ఏజెంట్ సీతారాములు నిలబడే విన్నాడు. మృత్తికా శాస్త్రవేత్త అయిన ఆ డాక్టరు రెండేళ్లుగా ఎర్రబోరు పొలాల మట్టిని పరీక్షిస్తున్నాడు.

"ఏం కనుగొన్నాడు?"

"సీసం, ఆర్సెనిక్ అనే పాషాణం. హార్ట్‌మన్ సిండికేట్ అనే విదేశీ ముఠా కొండపైన దొంగచాటుగా ఖనిజం కరిగిస్తోంది. ఆ మురుగు వాగులో పడి చేలకు చేరుతోంది. రేపు సాయంత్రం నాలుగింటికి దర్బారులో వాళ్లకు అరవై ఊళ్ల లీజు. డాక్టరు నింపిన మట్టి సీసాలు, లాబొరేటరీ రిపోర్టు ఎర్రబోరులో భీమే అనే రైతు గాదెలో ఉన్నాయి. నాలుగులోపల తేవాలి."

"తేలేకపోతే?"

"అరవై ఊళ్లకు కూడు ఉండదు. తోంగ్‌పాల్ డాక్ బంగ్లాలో మన ఏజెంట్ ఐరీన్ జీపుతో ఉంటుంది. సిండికేట్‌లో కెమిస్టుగా చేరింది మనకోసమే. భీమేకూ ఐరీన్‌కూ కోడ్ వర్డ్ ఒకటే. 'వాన ఆలస్యం'."

మర్నాడు తెల్లవారగానే, ఉప్పు వర్తకుడి వేషంలో సీతారాములు భీమే వాకిట నిలిచాడు. ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏంది సేటూ, ఉప్పు అమ్మ వస్తివి, బస్తా ఏది?"

"వాన ఆలస్యం."

"గట్లైతే డాక్టరయ్య జెప్పిన మనిషివే. లోపలికి రా."

గడపలో ఆరేళ్ల సుక్కి కూర్చొని ఉంది. మణికట్టుల దగ్గరనుంచి ఆ పిల్ల చేతులు వాడిన తీగల్లా వేలాడుతున్నాయి.

"దీని అన్న పోయిండు. దీనికి బువ్వ నేనే తినిపిస్త. అది గూడ మా చేనిదే. ఇంకేడికెల్లి తెత్తును?"

భీమే బిడ్డను అత్తకు అప్పగించి, సీసాలు, రిపోర్టు ఉన్న పెట్టెను గాదెలోనుంచి తీసి నెత్తికెత్తుకుంది.

"నేను గూడ వస్త. బస్తా మరిసినోని చేతికి పెట్టె ఎట్ల ఇత్తును?"

లారీ దొరికి తోంగ్‌పాల్ చేరేసరికి పన్నెండయింది. బంగ్లా మెట్లపై ఐరీన్ నిలుచుంది. పట్టు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, పరిమళం.

"వాన ఆలస్యం, మిస్టర్ సీతారాములు. పెట్టె ఒకసారి చూడనివ్వండి."

అతడు తెరిచి చూపాడు. ఆమె లిప్‌స్టిక్ గొట్టం మూత తీసింది. అందులో ఉన్నది రంగు కాదు, తుపాకి గొట్టం. మరుక్షణం రిపోర్టు లైటరు మంటలో మసి అయింది. సీసాలు రాతిమెట్లపై భళ్లుమన్నాయి.

"మీ ఛీఫ్ మంచివాడు. అందరినీ నమ్ముతాడు" అంటూ ఆమె జీపెక్కి వెళ్లిపోయింది.

సీతారాములు మెట్టుమీద కూలబడ్డాడు. మళ్లీ పరీక్ష చేయించాలంటే మూడు వారాలు. ఉన్నవి నాలుగు గంటలు. గాజు పెంకుల మధ్యనుంచి భీమే మట్టిని ఏరి కొంగున కట్టుకుంటోంది. వేళ్లు తెగి నెత్తురు కారుతోంది.

"ఎందుకు తల్లీ? కాగితం లేని మట్టి సాక్ష్యం కాదు."

"నా చేను, అయ్యా. బంగ్లా మెట్లమీద ఇడిసి పోవాల్నా?"

కలప లారీలో వారు జగదల్‌పూర్ దర్బారుకు చేరేసరికి మూడూ యాభై అయిదు. హార్ట్‌మన్ చేతిలో కలం ఉంది. అతని కుర్చీ వెనుక ఐరీన్ నిలుచుంది.

"ఆపండి! ఎర్రబోరు మన్నులో విషముంది!" అని సీతారాములు అరిచాడు.

"రిపోర్టు ఏది?" అన్నాడు దీవాన్.

"కాల్చేశారు."

సభ నవ్వింది. దీవాన్ నిట్టూర్చి కలం అందుకున్నాడు. విజయోత్సాహంతో హార్ట్‌మన్ పరగణాల పెద్దలైన మాంఝీల వైపు తిరిగి, మూడు నెలలు కష్టపడి నేర్చిన బస్తరు జనభాష హల్బీలో బిగ్గరగా అన్నాడు:

"ఎర్రబోరు మన్ను అమృతం! మాటి కిరియా!"

నవ్వులు ఆగిపోయాయి. అది బజారులో వినవచ్చే ఊతపదమని అతడనుకున్నాడు. కాని అది మన్నును నాలుకపై ఉంచుకొని చేసే ఒట్టు. ఆ ఒట్టు పెట్టి వెనుదీసినవాడి మాటను బస్తరులో ఇక ఎవరూ వినరు.

మాడ అనే ముసలి మాంఝీ లేచాడు. "అన్నావు కదా సాహెబ్. మన్నేది?"

భీమే కొంగుముడి విప్పింది. "ఇగో దొరా. నా పిల్లలు ఏండ్లకేండ్లు తిన్నరు. నువ్వు చిటికెడు తిను, సాలు."

అరవై ఊళ్ల పెద్దలు చూస్తున్నారు. హార్ట్‌మన్ నవ్వు తెచ్చిపెట్టుకొని చిటికెడు మన్ను పెదవుల దాకా ఎత్తాడు.

"కార్ల్, వద్దు! అందులో పాషాణం ఉంది! నేనే కొలిచాను!"

ఐరీన్ కేక ఇంగ్లీషులో వచ్చింది. దీవాన్ చదివినది ఇంగ్లీషే. గడియారం నాలుగు కొట్టింది. దీవాన్ సంతకం చేయకుండానే కలాన్ని బల్లమీద పడేశాడు. భటులు తలుపులు మూశారు.

భీమే మన్నును మళ్లీ ముడివేసుకుంది. "సుక్కి చేతులు లేస్తయా, అయ్యా?"

ఎందరు శత్రువులకో అబద్ధాలు చెప్పినవాడికి ఆ ఒక్క అబద్ధం నోట రాలేదు.

"తెలియదు తల్లీ. వాగులో మురుగు మాత్రం రేపటినుంచి ఆగుతుంది."

ఆ సాయంత్రం సీతారాములు తన నివేదికలో ఒకే వాక్యం రాశాడు: "శత్రువు పట్టుబడుటకు కారణం, అతని భాషాభిమానం."

ఈ కథ విన్నవారి చేలు చల్లగా పండుగాక! వారి బిడ్డలు తమ చేతులతో తామే అన్నపు ముద్ద ఎత్తుకొని తిందురుగాక!